కంచె అవతలి సంగతి

విమానాశ్రయాల చరిత్ర రాసేవాళ్లు టెర్మినళ్ల గురించి రాస్తారు, టవర్ల గురించి రాస్తారు. పశువుల్ని తోలే పని గురించి మాత్రం ఎవరూ రాయరు. నిజానికి ఆ పనే ముందు పుట్టింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ నగరానికి ఎనిమిది మైళ్ల దూరాన హఫ్‌మన్ ప్రెయిరీ అని 84 ఎకరాల బీడు ఉండేది. 1904లో రైట్ సోదరులు తమ యంత్రానికి సరిగ్గా ఎగరడం నేర్పడానికి ఆ బీడు అడిగారు. దాని యజమాని టారెన్స్ హఫ్‌మన్ బ్యాంకు నడిపే మనిషి. అద్దె పైసా అడగలేదు. ఒకటే షరతు పెట్టాడు: ఎగిరే ముందు తన ఆవుల్నీ గుర్రాల్నీ క్షేమంగా అవతలికి తోలాలని. ప్రపంచానికి విమానం నేర్పిన అన్నదమ్ములు రోజూ ముందు పశువుల్ని అదిలించి, తర్వాతే ఇంజన్ తిప్పేవారన్నమాట.

మరుసటి ఏడు, 1905 సెప్టెంబర్ 7న, ఆర్విల్ రైట్ అదే బీడు మీద గుండ్రంగా తిరుగుతూ పక్కనున్న మొక్కజొన్న చేను మీదికి పోయాడు. అక్కడ ఒక పిట్టల గుంపు లేచింది. ఆయన వాటి వెంటపడ్డాడు. ఒక పిట్ట తగిలి చచ్చి పై రెక్క మీద పడింది. కాసేపటికి గట్టిగా మలుపు తిప్పితే జారి కిందికి పోయింది. విమానం పక్షిని ఢీకొన్నట్టు రాతలో నమోదైన మొదటి ఘటన అదే. ఇంకో ఏడేళ్లకు, 1912 ఏప్రిల్ 3న, కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ సముద్రం మీద కాల్ రాడ్జర్స్ అనే పైలట్ విమానంలోకి ఒక సముద్రపు పక్షి వచ్చి, నడిపే తీగల్లో ఇరుక్కుంది. అంతకు కొద్ది నెలల ముందే అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరం దాకా దాటి పేరు తెచ్చుకున్న మనిషి, ఒడ్డు దగ్గరి నీళ్లలో పడి చనిపోయాడు.

ఆర్విల్ కథలో నాకు పిట్ట కంటే మొక్కజొన్న చేను ముఖ్యంగా కనిపిస్తుంది. పిట్టలు బీడులోకి విమానం కోసం రాలేదు, చేలోని గింజల కోసం వచ్చాయి. చేను కంచె అవతల ఉంది. రన్‌వే మీద ఏం జరిగినా దాని మొదలు కంచె బయట వెతకాలన్న మాట విమానాశ్రయం నడిపే మా వృత్తిలో వాళ్లకు తలకెక్కడానికి ఆ తర్వాత చాలా దశాబ్దాలు పట్టింది. కొందరికి ఇంకా ఎక్కలేదు.

నా ఉద్యోగం ఎక్కువ భాగం జీపులో గడిచింది. టవర్ వాళ్లకు ఏసీ, పైలట్లకు టోపీ, మాకు జీపూ వాకీటాకీ. ఎక్కడ పనిచేశానో పేరు చెప్పను. మన తెలుగు నేల మీదే, పక్కన చెరువూ వెనక ఊరూ ఉన్న చోటు. తెల్లవారుజామున మొదటి విమానానికి ముందు టవర్ అనుమతి తీసుకుని రన్‌వే ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసుకుంటూ పోవాలి. టైరు ముక్క, బోల్టు, కంకర రాయి, ఎగిరొచ్చిన పాలిథీన్ కవరు, ఇవన్నీ ఏరాలి. విమానాలు విడిచినవాటి కంటే పక్షులు విడిచినవే ఎక్కువ దొరికేవి. గద్ద కాళ్లలోంచి జారిన సగం చేప, కోడి ఈకలతో సహా పేగులు, ఎముక ముక్కలు. ఆ ఎముకను చూస్తే అది ఏ దిక్కున ఉన్న దుకాణం నుంచి వచ్చిందో మాకు ఇట్టే తెలిసిపోయేది.

పక్షుల్ని తోలడానికి కాంట్రాక్టు మీద మనుషులు ఉండేవారు. బర్డ్ చేజర్లు అంటారు. ఒక కర్ర, ఒక ఈల, కొన్ని టపాసులు. వాళ్లలో పెద్దాయన్ని అందరం మామా అనేవాళ్లం. ఆయన పొలమే కొంత విమానాశ్రయం కింద పోయిందట, ఆ నేల మీదే ఇప్పుడు పిట్టల్ని తోలే ఉద్యోగం. చేలో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని కొట్టినవాడు కనక పని కొత్తేమీ కాదు. తొలకరికి ముందు ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సారూ, రోహిణి కార్తె ఎండలుండంగనే పుట్టలు తవ్విపియ్యండి. మిరుగం వాన పడ్డంక తవ్వితె ఏం ఫాయిద లేదు" అన్నాడు. "పుట్టలకీ గద్దలకీ ఏం సంబంధం మామా?" అంటే, "ఒక్క వాన పడనియ్యండి, మీరే చూస్తరు" అన్నాడు.

చూశాను. మొదటి వాన పడి వెలిసిన సాయంత్రం, రన్‌వే ఇంకా వేడి ఆవిర్లు కక్కుతుండగా, గడ్డిలోని పుట్టల కన్నాల్లోంచి ఉసిళ్లు లేచాయి. ముందు పదీ ఇరవై, తర్వాత లెక్క లేదు. అంచు దీపాలు వెలగ్గానే అన్నీ వాటి మీదికే. తెల్లవారేసరికి ప్రతి దీపం మొదట్లో రెక్కలు కుప్పలుగా రాలి ఉన్నాయి, చేత్తో ఎత్తితే బరువు తెలియనంత పలచన. రెక్కలూడిన పురుగులు తారు మీద జంటలు జంటలుగా పాకుతున్నాయి. వాటి మీద గోరింకలు, తీతువు పిట్టలు, తెల్ల కొంగలు. వాటిపైన ఆకాశంలో గద్దలు సుడి తిరుగుతున్నాయి. ఎక్కడినుంచి దూరాయో రెండు కుక్కలు కూడా దీపాల దగ్గర నేల నాకుతున్నాయి. మొదటి విమానం రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. మామ గ్యాస్ గన్ పేల్చాడు. గద్దలు ఒక చుట్టు పైకి లేచి మళ్లీ అక్కడికే దిగాయి. కడుపుకు తిండి కనబడుతుంటే చప్పుడుకు ఎవడు భయపడతాడు? ఆ గన్ ఏదో బ్రహ్మాస్త్రమన్నట్టు తెప్పించాం గానీ, కొన్నాళ్లకు గద్దలు తీరిగ్గా దాని గొట్టం మీదే వాలేవి. చివరికి ఫైర్ సర్వీసు వాళ్ల ట్యాంకరు తెచ్చి నీళ్లతో ఉసిళ్లను రన్‌వే మీంచి కడిగించాం. విమానం కాసేపు పైన చక్కర్లు కొట్టింది.

మన దేశంలో పక్షులు విమానాలకు తగిలే ఘటనలు వానాకాలంలోనే ఎక్కువెందుకో లెక్కల పుస్తకం చూసి తెలుసుకోవచ్చు. నాకు ఆ పొద్దున తెలిసింది. వానా జంతువూ మా రిజిస్టర్లో వేరు వేరు పేజీలు. రన్‌వే మీద రెండూ ఒకటే సంగతి. వాన పడితే పురుగు, పురుగుకు పిట్ట, పిట్టకు గద్ద. వానపాములు నీళ్లు నిండిన నేల వదిలి తారు మీదికి పాకితే వాటికోసం కొంగ. మరుసటి ఏడు రోహిణిలోనే పుట్టలు తవ్వించాం.

గడ్డి గొడవ ఇంకోటి. బ్రిటన్ వాళ్లు 1970ల్లో పరిశోధన చేసి, విమానాశ్రయంలో గడ్డి జానెడు ఎత్తున పెంచితే తీతువులూ సముద్రపు పక్షులూ వాలవని తేల్చారు. అవి ఒకదాన్నొకటి చూసుకోలేవు, నేల మీది పురుగు కనపడదు. బాగానే ఉంది. మన దగ్గర ఆ ఎత్తున గడ్డి పెంచితే ఎలుకలూ కుందేళ్లూ చేరతాయి. వాటికోసం పాములూ గద్దలూ వస్తాయి. పొట్టిగా కోస్తే తీతువులకు పండగ. కోసే రోజున ట్రాక్టరు వెనక మిడతలు లేస్తాయి, వాటి వెనక కొంగలు బారులు తీరతాయి. ఈ విషయంలో మా పై అధికారులు ఎప్పుడూ ఒక మాట మీద ఉన్నది లేదు. ఒకాయన వచ్చి కోయించేవాడు, ఇంకొకాయన వచ్చి పెంచమనేవాడు. నా మట్టుకు నాకు, ఎంత ఎత్తన్నదాని కంటే ఎప్పుడు కోస్తున్నామన్నదే అసలు ప్రశ్న. విమానాలు లేని వేళ చూసి కోస్తే సగం బాధ తప్పుతుంది.

పక్షుల విషయాన్ని ప్రపంచం గట్టిగా పట్టించుకున్నది 1960 అక్టోబర్ 4 తర్వాత. బోస్టన్‌లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఎలెక్ట్రా విమానం పైకి లేచిన కొన్ని క్షణాలకే గోరింకల జాతి పిట్టల గుంపులోకి పోయింది. ఒక్కో పిట్ట వంద గ్రాములు కూడా ఉండదు. గుంపుగా ఇంజన్లలోకి పోయేసరికి 72 మందిలో 62 మంది చనిపోయారు. శిథిలాల్లో దొరికిన నల్లటి ఈక ముక్కలు ఏ పక్షివో తేల్చింది స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసే రాక్సీ లేబోర్న్ అనే ఆవిడ. ఈక అడుగున ఉండే మెత్తటి నూగును మైక్రోస్కోపు కింద పెట్టి చూసి చెప్పేది. ఆ తర్వాతే ఇంజన్లు ఎన్ని పక్షుల్ని మింగి తట్టుకోవాలన్న నియమాలు గట్టిపడ్డాయి. విమానాల ముందద్దం మీదికి చచ్చిన కోడిని గన్నుతో కొట్టి పరీక్షించే పద్ధతి అంతకుముందు నుంచే ఉంది. నాలుగు పౌండ్ల పక్షి, అంటే 1.8 కిలోలది, తగిలినా అద్దం నిలవాలి.

ఇక్కడే మనకొక తిరకాసు. మన రాబందు బరువు దానికి రెండు మూడు రెట్లు. నేను ఉద్యోగంలో చేరిన 1980ల చివర్లో మా ప్రమాదకర పక్షుల చార్టులో అన్నిటికంటే పైన ఉన్న పేరు రాబందే. ఉదయం తొమ్మిది దాటి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే రెక్కాడించకుండా వేల అడుగులు ఎక్కేది. ఫైటర్ విమానం నడిపేవాళ్లకు అదంటే హడలు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ పెంచిన సంస్థే, ఆ దశాబ్దంలో దేశంలోని విమానాశ్రయాలు తిరిగి పక్షుల మీద పెద్ద అధ్యయనం చేశారు. వాళ్లు చెప్పింది పక్షుల్ని కాల్చమని కాదు. చచ్చిన గొడ్లను ఎక్కడ పడేస్తున్నారో, కబేళా వ్యర్థం ఎటు పోతుందో, చెత్త ఎక్కడ పోస్తున్నారో అక్కడ చూడమన్నారు. మామ పుట్టల గురించి చెప్పిన మాటే, ఇంకాస్త పెద్ద చుట్టుకొలతలో.

చట్టంలో ఆ మాట ముందే ఉంది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ నియమం ప్రకారం విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు పక్షుల్నీ జంతువుల్నీ రప్పించేలా పశువును కోయకూడదు, తోలు ఒలవకూడదు, చెత్త వేయకూడదు. పది కిలోమీటర్లు! బేగంపేట చుట్టూ పది కిలోమీటర్లంటే హైదరాబాద్ నగరంలో చాలా భాగం. నిజాం కాలంలో, 1930ల్లో, అది ఊరికి బయట. విమానాల రాకపోకలు 2008 మార్చిలో శంషాబాద్‌కు తరలేనాటికి నాలుగు దిక్కులా ఊరే. నియమం మారలేదు, నియమం అడుగున ఉన్న నేల మారింది. దీన్ని అమలు చేయాల్సింది విమానాశ్రయం కాదు, మున్సిపాలిటీలూ పంచాయతీలూ. వాళ్లతో మేం జరిపిన మీటింగుల్లో టీ, బిస్కట్, మినిట్స్, ఇవి మాత్రం ఏ లోటూ లేకుండా జరిగేవి.

అంతలో ఎవరూ అనుకోనిది జరిగింది. రాబందులు పోయాయి. మేం తోలితే పోలేదు. 1990ల్లో భరత్‌పూర్ పక్షుల అడవిలో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త గూళ్లు లెక్కపెడుతూ, తలలు వాల్చి కొమ్మల మీదే చచ్చిన రాబందుల్ని చూశారు. కొద్ది ఏళ్లలోనే దేశంలో నూటికి తొంభై అయిదుకు పైగా పోయాయి. రోగమనుకున్నారు. 2004లో తేలింది, పశువుల నొప్పికీ వాపుకీ ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కారణమని. ఆ మందు వేసిన గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోతాయి. 2006లో పశువుల వాడకానికి ఆ మందును నిషేధించారు. ఈలోపు జరగాల్సింది జరిగిపోయింది. తెలంగాణలో ఇవాళ రాబందు కోసం వెతకాలంటే బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట దాకా పోవాలి.

మా చార్టులో పై పేరు కొట్టేశాం. కొందరు సంతోషించారు కూడా. కానీ గొడ్లు చావడం ఆగలేదు కదా. రాబందుల మంద ఓ గొడ్డును గంట తిరక్కుండా ఎముకల గూడు చేసి పెట్టేది. ఆ పని ఇప్పుడు కుక్కలకు పడింది. తిండి దొరికితే కుక్క పిల్లల్ని పెడుతుంది. కుక్కలు గుంపులు కట్టాయి. ఆకాశంలోంచి పోయిన బెడద నాలుగు కాళ్లతో కంచె దగ్గరికి నడిచొచ్చింది. మిగిలిన మాంసం ముక్కకూ చెత్తకుప్పకూ గద్దలు వారసులయ్యాయి. పాల కోసం పెంచే గేదెకు వేసిన సూది మందుకూ, రన్‌వే మీద పరిగెత్తే కుక్కకూ లంకె ఉందని మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

నాలుగు కాళ్లవి వచ్చే దారి గోడ మీంచి కాదు, గోడ కిందినుంచి. ఇది బయటివాళ్లకు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రన్‌వే మధ్యలో కొంచెం ఎత్తు, రెండు పక్కలకూ వాలు. వాన నీరు రెండు వైపులా జారి, గడ్డి అంచునున్న కాలువల్లో పడి, ప్రహరీ కింద తూముల గుండా బయటికి పోవాలి. ఆ తూము నక్కకు సింహద్వారం. ముంగిసకు, అడవి పిల్లికి, కుక్కకు కూడా. తూముకు ఇనుప జాలీ బిగిస్తే జంతువు ఆగుతుంది. కానీ మొదటి పెద్ద వానకే కవర్లూ ఆకులూ కొట్టుకొచ్చి జాలీ మూసుకుపోతుంది. నీళ్లు వెనక్కి తన్ని రన్‌వే అంచు మునుగుతుంది. జాలీ తీసేస్తే నీళ్లు పోతాయి, ఆ రాత్రే నక్క వస్తుంది. నేను చేరినప్పటినుంచీ దిగిపోయేదాకా ఈ జాలీని బిగించడం, ఊడదీయడం చూస్తూనే ఉన్నాను. మధ్యేమార్గంగా ఏటవాలు కమ్మీలు పెట్టించాం, చెత్త పైకి జారేలా. పర్వాలేదు. కానీ వాన రాత్రి ఎవడో ఒకడు గొడుగేసుకుని పోయి చేత్తో చెత్త లాగాల్సిందే.

2014 నవంబర్ 6 సాయంత్రం సూరత్‌లో ఢిల్లీకి లేవబోతున్న బోయింగ్ విమానానికి చీకట్లో గేదె తగిలింది. ఇంజన్ దెబ్బతింది. ప్రయాణికులకు ఏమీ కాలేదు, గేదె చచ్చింది. దేశమంతా నవ్వుకుంది, కార్టూన్లు వచ్చాయి. నాకు నవ్వు రాలేదు. అంత వేగంలో అంత బరువు తగిలి అందరూ బతికి బయటపడ్డారంటే అది అదృష్టమే. ఇంకో ఏడాదికి జబల్‌పూర్‌లో దిగుతున్న విమానానికి అడవి పందుల మంద అడ్డొచ్చింది. విమానం రన్‌వే పక్కకు జారింది. ప్రతిసారీ గోడ ఎత్తు పెంచాలన్నారు. గేదె గోడ దూకి రాదు. గోడ ఎక్కడో పడిపోయి ఉంటుంది, లేదా మేపేవాడు దారి చేసుకుని ఉంటాడు. అతని మేత భూమిలోనే కదా మనం రన్‌వే వేసింది.

న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయం వాళ్లు ఈ విషయాన్ని బాగా అర్థం చేసుకున్నారనిపిస్తుంది. అక్కడ రన్‌వే ఒకటి జమైకా బే ఉప్పునీటి మడుగుల్లోకి చొచ్చుకుని ఉంటుంది. ప్రతి జూన్, జూలైల్లో ఆడ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇసక నేల వెతుక్కుంటూ తారు దాటి వస్తాయి. 2009లో, 2011లో విమానాలను ఆపి, సిబ్బంది వాటిని చేతుల్తో ఎత్తి అవతల వదిలారు. చంపాలని ఎవరూ అనలేదు. తర్వాత అంచు వెంట నల్లటి ప్లాస్టిక్ గొట్టాలు పరిచారు, తాబేలు ఎక్కలేనంత ఎత్తులో, అంతే.

నీళ్ల సంగతికి వస్తే కంచె ఇంకా చాలా దూరం జరుగుతుంది. 2015 డిసెంబర్ 1న చెన్నై విమానాశ్రయం మూతపడింది. ఆ వాన విమానాశ్రయం మీద ఒక్కచోటే పడలేదు. పైన చెరువులు నిండి, చెంబరంబాక్కం నుంచి వదిలిన నీరూ కలిసి అడయార్ నది ఉప్పొంగింది. చెన్నైలో రెండో రన్‌వేను ఆ నది మీద వంతెన కట్టి దాటించారు. నది మీద రన్‌వే వేస్తే, ఏదో ఒక రోజు నది రన్‌వే మీదికి రాదని ఎవరు పూచీ ఇస్తారు? నిలబెట్టిన విమానాలు నీళ్లలో ఉండిపోయాయి. అరక్కోణంలోని నేవీ వైమానిక స్థావరాన్ని తాత్కాలికంగా ప్రయాణికులకు తెరిచారు. అక్కడినుంచి బయటపడ్డవాళ్లలో మనవాళ్లూ ఎంతోమంది. మళ్లీ 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నై మీద కుండపోతగా కురిసి అదే విమానాశ్రయాన్ని మూయించింది.

కొచ్చిది ఇంకా పెద్ద కథ. 2018 ఆగస్టు 15 నుంచి 29 దాకా, రెండు వారాలు మూత. పెరియార్ నది పొంగి, ప్రహరీ కిలోమీటర్ల పొడవున పడిపోయి, సౌర ఫలకాల మీదికి నీళ్లెక్కాయి. కొత్త విమానాశ్రయం వచ్చాక 1999లో ప్రయాణికులకు మూసేసిన పాత నేవీ రన్‌వేను చిన్న విమానాల కోసం మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఈ రెండు సంఘటనల్లోనూ ఆదుకున్నది కొత్త టెక్నాలజీ కాదు, దగ్గర్లో ఉన్న పాత రన్‌వే. పాత రన్‌వేల మీద ఇళ్ల స్థలాలు వేద్దామని ఎవరైనా అంటే నాకు ఈ రెండే గుర్తొస్తాయి.

విశాఖది గాలి కథ. 2014 అక్టోబర్ 12 ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మధ్యాహ్నం ఊరి మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. 2009లో కట్టిన టెర్మినల్ పైకప్పు ఊడింది, అద్దాలు పగిలాయి, లోపలి సీలింగు తీగలతో సహా వేలాడింది. తుఫాను కళ్లారా చూడాల్సిన కైలాసగిరి మీది డాప్లర్ రాడార్‌ను కూడా ఆ గాలి వదల్లేదు. అయినా వారం తిరక్కుండా విమానాలు దిగాయి. ఎలా? రన్‌వేకు గాలి వల్ల నష్టం తక్కువ, తారును గాలి ఎత్తుకుపోలేదు. మీద పడ్డ చెట్లూ రేకులూ ఏరాలి, దీపాలూ కరెంటూ సరిచేయాలి. అక్కడ రన్‌వే నేవీది కావడం వల్ల ఏరే మనుషులు గేటు లోపలే ఉన్నారు. కప్పు లేని టెర్మినల్‌లో టికెట్లు చూడొచ్చు, రాళ్లున్న రన్‌వే మీద మాత్రం దిగలేం. తుఫాను తర్వాత ముందు ఏది బాగుచేయాలన్న ప్రశ్నకు ఫొటోల్లో కనపడే భవనం ఎప్పుడూ జవాబు కాదు.

ఇక పొగమంచు. దీన్ని బలంతో ఓడించాలని ఒకసారి ప్రయత్నించారు. రెండో ప్రపంచయుద్ధంలో చర్చిల్ ఆదేశం మీద బ్రిటన్‌లో ఫైడో అనే పద్ధతి పెట్టారు. రన్‌వే రెండు పక్కలా పైపులు పరిచి, వాటి కన్నాల్లోంచి పెట్రోలు మండించేవారు. ఆ వేడికి మంచు విడిపోయి, పైన్నుంచి చూస్తే రెండు నిప్పు గీతల మధ్య నల్లటి దారి కనపడేది. అలా సుమారు 2,500 విమానాలు దిగాయి. గంటకు లక్ష గ్యాలన్ల లెక్కన పెట్రోలు పోసేవారు. యుద్ధంలో ఎవరూ బిల్లు అడగరు. శాంతికాలంలో అడిగారు, ఫైడో ఆగిపోయింది. ఇప్పుడు మంచును విడదీయరు, దానిలోంచే చూస్తారు. ఢిల్లీలో యాభై మీటర్లు కనిపించినా దిగే ఏర్పాటుంది. అందుకు తగ్గ విమానమూ, శిక్షణ పొందిన పైలటూ ఉండాలి. మామూలు రకం పరికరాలకు 550 మీటర్లు కావాలి. అందుకే సంక్రాంతి ముందు గన్నవరం మీద పొద్దున్నే వచ్చిన విమానం చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కు తిరిగిపోయిందన్న వార్త ఏటా చదువుతాం. కృష్ణ, కాలువలు, తడి ఆరని వరి మళ్లు. ఆ తేమంతా కంచె బయటిదే. దాన్ని ఆపమని ఎవరికి నోటీసిస్తాం?

నీళ్లకూ మంచుకూ నోటీసివ్వలేం కాబట్టి కోడి మాంసం దుకాణానికి ఇస్తాం. బెంగళూరు పక్క యలహంక వైమానిక స్థావరంలో రెండేళ్లకోసారి ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతుంది. 91వ నియమం పేరు చెప్పి, ఆ రోజుల్లో చుట్టుపక్కల మాంసం, చేపల అమ్మకాలు నగరపాలిక మూయిస్తుంది. 2025లో అయితే 13 కిలోమీటర్ల దాకా, జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 వరకు. రక్షణ పరంగా సరైన నిర్ణయమే, నేనున్నా అదే రాసేవాణ్ని. కానీ నా జీపు అనుభవంతో ఒక మాట. గద్దను పిలిచేది దుకాణంలో కొక్కేనికి వేలాడే మాంసం కాదు. సాయంత్రం గోనెలో కట్టి నాలాలోనో ఖాళీ స్థలంలోనో విసిరే పేగులూ ఈకలూ. ఆ గోనెను రోజూ వచ్చి ఎత్తుకుపోయే బండి ఒకటి ఉంటే ఏడాది పొడవునా దుకాణమూ తెరిచి ఉండొచ్చు, గద్దా వేరే దారి చూసుకుంటుంది. బండికి డీజిల్, డ్రైవరు, జీతం కావాలి. మూయమనడానికి ఒక కాగితం చాలు. ఆ ఇరవయ్యారు రోజుల దుకాణం అద్దె మాత్రం షట్టరు దించినవాడే కట్టాలి.